నూటపది డబ్బాని ఇంట్లో టెస్ట్ చేసిన రోజు

మొన్న ఆదివారం మా ఇంట్లో పొగ లేచింది, పిల్ల ఆస్పత్రి పాలైంది. రెండూ నా నిర్వాకమే. ఇప్పుడు పిల్ల బాగానే ఉంది కాబట్టి చెప్తున్నా. మీరు నవ్వుకోండి, పర్లేదు. పద్మ ముందు మాత్రం నవ్వకండి.

సంగతేంటంటే, ఆఫీసు వాళ్ళు నన్ను ఆర్నెల్లకి అమెరికా పంపిస్తున్నారు. మా ఆవిడ పద్మ, మా అమ్మాయి స్నిగ్ధ కూడా వస్తున్నారు. స్నిగ్ధకి ఏడేళ్ళు, ఆస్తమా ఉంది. దీపావళి వెళ్ళాక ఢిల్లీ గాలి ఎలా ఉంటుందో మీకు తెలుసుగా. ఆ రోజుల్లో దానికి పూటపూటకీ నెబ్యులైజర్ పెట్టాలి. మందుని ఆవిరిలా చేసి మాస్కులోంచి పంపే మిషను. అది లేకుండా మేం పెళ్ళిళ్ళకి కూడా వెళ్ళం.

లాప్‌టాప్ ఛార్జర్ ఎక్కడైనా పనిచేస్తుంది, పిన్నులు మార్చే అడాప్టర్ ఉంటే చాలు. నెబ్యులైజర్ అలా కాదు. దాని అడుగున రెండొందల ముప్ఫై వోల్టులని రాసుంది. అమెరికాలో గోడలోంచి వచ్చేది నూటపదే. దాన్ని రెట్టింపు చేసిచ్చే కన్వర్టర్, అంటే చిన్న ట్రాన్స్‌ఫార్మర్, కావాలి. ఇదంతా పద్మకి కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. కాకినాడలో నాలుగేళ్ళు ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాను మరి. తర్వాత గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో పడి టెస్టర్ ముట్టుకోలేదనుకోండి, అది వేరే విషయం.

శనివారం మేముండే వైశాలి నుంచి బస్సెక్కి పాత ఢిల్లీలో కరెంటు సామాన్లు అమ్మే గల్లీకి వెళ్ళాను. తెల్లగడ్డం సర్దార్జీ ఒకాయన ఇటుకంత బరువున్న ఇనప డబ్బా తీసిచ్చాడు. "వహాఁ కే లియే హై సాబ్, యహాఁ మత్ లగానా" అన్నాడు. అక్కడికే, ఇక్కడ పెట్టొద్దని. ఠీక్ హై, ఠీక్ హై అన్నాను. నాకు చెప్పొచ్చాడండీ అని మనసులో అనుకున్నాను కూడా.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాయి. స్నిగ్ధకి మందు పెట్టే టైమైంది. నాకో ఆలోచన వచ్చింది. అంత దూరం మోసుకెళ్ళాక ఈ డబ్బా పనిచెయ్యకపోతే పిల్ల గతేంటి? ఇక్కడే ఒకసారి చూసేసుకుంటే పోలా?

డబ్బా తీగకి రెండు చదును పిన్నులున్నాయి. మన సాకెట్లో దూరవు. దూరనప్పుడైనా నేను ఆగాల్సింది. ఆగకపోగా, ప్రయాణానికి కొన్న, అన్ని దేశాల పిన్నులూ పట్టే అడాప్టర్ తెచ్చి దానికి తగిలించాను.

పద్మ డబ్బా మీద చీటీ చదువుతోంది. తను చదివింది తెలుగు ఎమ్మే.

"ఇన్‌పుట్ నూటపది అని ఉందేంటండీ? మన గోడలో ఎంతొస్తుంది?"

"అది అక్కడి లెక్కలే. ఊరికే తిరుగుతుందో లేదో చూద్దాం."

"సరే, మీ ఇష్టం. పిల్ల మొహానికి మాస్కు మాత్రం ఇప్పుడే పెట్టకండి."

ఆ ఒక్క మాట విన్నాను. నా జీవితంలో అంత మంచిపని ఇంకోటి చేసుండను.

నెబ్యులైజర్‌ని డబ్బాకి తగిలించి స్విచ్ వేశాను. డబ్బా గుర్రుమంది. నెబ్యులైజర్ ఎప్పుడూ తిరగనంత జోరుగా తిరిగింది. "చూశావా" అనబోయాను. ఈలోపు లోపల ఏదో టప్పుమని, డబ్బాలోంచీ మిషన్లోంచీ నల్లటి పొగ వచ్చింది. ఇల్లంతా కరెంటు పోయింది. నూటపదిని రెట్టింపు చేసే డబ్బా రెండొందల ముప్ఫైని కూడా రెట్టింపే చేస్తుంది కదా. నేను పద్మకి గీసిన బొమ్మలో ఆ లెక్క కూడా ఉంది, చూసుకోలేదంతే.

పద్మ కిటికీలు తెరిచింది. తెరిస్తే బయట కూడా దీపావళి తర్వాతి పొగే. స్నిగ్ధ దగ్గడం మొదలెట్టింది. దగ్గు కాస్తా పిల్లికూతలైంది. ఇన్హేలర్ కొట్టాం, తగ్గలేదు. మిషను పెడదామంటే అది బల్లమీద ఇంకా పొగ కక్కుతోంది. పిల్ల నా చొక్కా పట్టుకుని "పాపా, సాంస్ నహీఁ ఆ రహీ" అంది, ఊపిరి ఆడట్లేదని. అది ఎప్పుడూ నాతో హిందీలోనే మాట్లాడుతుంది, నేను తెలుగులో జవాబిస్తాను.

పిల్లనెత్తుకుని ఎదురింటి తలుపు కొట్టాను. ఆ అంకుల్ కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. పిల్లని చూసి ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా కారు తాళాలు తీసుకున్నాడు. వెనక సీట్లో పద్మ పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వీపు నిమురుతోంది. ఊపిరి తీసినప్పుడల్లా దాని మెడ దగ్గర గుంట పడుతోంది.

దార్లో అంకుల్ అడిగాడు. "క్యా జలాయా, బేటా?"

ఏం కాల్చానో చెప్పాను.

"నూటపది దాన్ని రెండొందల ముప్ఫైలో పెట్టావా?" అని హిందీలో మెల్లిగా అడిగాడు.

"జీ, అంకుల్."

ఆయన రేడియో కట్టేసి, బండి జోరు పెంచాడు.

నర్సింగ్ హోమ్‌లో ఆక్సిజన్ పెట్టారు, మూడుసార్లు నెబ్యులైజ్ చేశారు. గంటన్నరకి పెదాల రంగు మామూలుకొచ్చింది. అప్పటిదాకా నేను బెంచీ మీద చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఇంక వాటితో ఏదీ ముట్టుకోవాలనిపించలేదు.

డాక్టరమ్మ వచ్చి హిందీలో అడిగింది. "ఏం పొగ పీల్చింది? టపాకాయలా?"

"కాదండీ, ఇంట్లో ఒక ట్రాన్స్‌ఫార్మర్..."

"ఇంట్లో ట్రాన్స్‌ఫార్మరా? ఎవరు కాల్చారు?"

మాస్కులోంచి స్నిగ్ధ గొంతు వచ్చింది. "పాపా నే." నాన్నే కాల్చాడట.

పిల్లకి మాటొచ్చిందని పద్మ ఏడ్చింది. ఆ మాటేంటో అర్థమయ్యాక కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నేనూ నవ్వబోతే నా వైపు చూసింది, మానేశాను.

డాక్టరమ్మకి ప్రయాణం సంగతి, కన్వర్టర్ సంగతి చెప్పాను. ఆవిడ చీటీ రాస్తూ తలెత్తకుండా అంది. "అక్కడి కరెంటుకి పనిచేసే మిషను అక్కడే దొరుకుతుంది. నేను రాసిస్తాను, దిగగానే కొనుక్కోండి. ఇవన్నీ ఎందుకు మోసుకెళ్ళడం?"

ఊపిరి పూర్తిగా కుదుటపడేదాకా విమానం వద్దంది. టికెట్లు వెనక్కి జరిపాం. ఆఫీసులో మేనేజర్ కారణమడిగితే పిల్లకి ఒంట్లో బాలేదన్నాను. మిగతాది చెప్పలేదు, ఆయనా ఎలక్ట్రికలే.

నిన్న సాయంత్రం హాల్లో గోడ గడియారం ఆగిపోయింది. స్టూలెక్కి దించి, కొత్త పెన్సిల్ సెల్ తీశాను. స్నిగ్ధ సోఫాలో బొమ్మలేసుకుంటోంది. నా చేతిలో సెల్ చూసింది. క్రేయాన్లు డబ్బాలో సర్దుకుని, చెప్పులేసుకుని, వెళ్ళి ఎదురింటి అంకుల్ వాళ్ళ తలుపు కొట్టింది.