తడిసిన సూట్‌కేసు, నాన్న పాత పంచె

ఈ రోజు మధ్యాహ్నం గన్నవరంలో విమానం దిగేసరికి కుండపోత వాన. మా సూట్‌కేసు బయట ట్రాలీ మీద తడుస్తుంటే నేనూ నాన్నా అద్దాల్లోంచి చూస్తూ నిలబడిపోయాం. ఢిల్లీ ఎగ్జిబిషన్‌లో అమ్మగా మిగిలిన ఎర్రంచు తెల్లచీరలు అందులో ఉన్నాయి. చీరాలలో మా మగ్గాల మీద నేసినవే. మధుపర్కాలకు చూసుకోవడానికి రేపు పొద్దున్నే పెళ్ళివారు వస్తామన్నారు.

సూట్‌కేసు చేతికి రాగానే అక్కడే తెరిచాం. తెలుపు మీద అంతా ఎర్ర మరకలు.

కౌంటర్లో అమ్మాయి చూసి, "మీ చీరల రంగే దిగిందండి. దానికి మేమేం చేస్తాం?" అంది.

నేత మొదలుపెట్టాక నాన్నను ఆ మాట అన్నవాళ్ళు లేరు. సీసాలో నీళ్ళతో చీర లోపలి మడతలోని అంచు తడిపి, తన తెల్లచొక్కాకేసి గట్టిగా రుద్దాడు. చొక్కా తెల్లగానే ఉంది. తర్వాత సూట్‌కేసు లోపల కుట్టిన ఎర్రగుడ్డను రుద్దాడు. అరచెయ్యంతా ఎరుపు.

"చూశావామ్మా? ఇది మా రంగు కాదు."

ఆ అమ్మాయి ఫిర్యాదు కాగితం ఇచ్చింది. నాన్న నా వైపు తిరిగాడు.

"ఏరా, నేను చీరలన్నీ పాత పంచెలో చుట్టి పెట్టాను కదా. అదేది?"

చెకింగులో పెట్టె తెరిపిస్తే ఆ మూట నలుగురిలో కనిపిస్తుందని సిగ్గుపడి, మూట విప్పి పంచెను ఢిల్లీ లాడ్జిలోనే వదిలేశాను.

కాగితంలో 'నష్టానికి కారణం' అని ఒక గడి ఉంది. 'వాన' అని రాశాను. నాన్న చదివి సంతకం పెట్టాడు. ఆ మాట పక్కనే ఎర్రగా వేలిముద్ర పడింది.

మీరైతే ఏం రాసేవారు?