మూపురంలో నీళ్లు

చిన్నప్పుడు ఇంట్లో నీళ్లు మోసే పని నాదే కాబట్టి నన్ను బడికి పంపలేదు. అరవై దాటాక, ఇక్కడ అమెరికాలో, శాన్ రామన్‌లో మనవరాలు అనన్య ఆదివారం తెలుగు క్లాసుకు వెళ్తుంటే, పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను.

మొన్న తన పుస్తకంలో ఒంటె పాఠం వచ్చింది. ఇసుకలో దిగబడని పాదాలు, మోసే బరువులు, ఇచ్చే పాలు, అన్నీ కూడబలుక్కుంటూ చదివాను. మూపురంలో ఉండేది కొవ్వు అన్న చోట ఆగిపోయాను.

"నీళ్లు కదే?" అన్నాను.

"నో అమ్మమ్మా, అందరూ అలాగే అనుకుంటారు. ఇట్స్ ఫ్యాట్!" అని నవ్వింది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, కరువులో, తమ్ముడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అమ్మ నన్ను నీళ్లకు పక్క ఊరి బావికి పంపింది. దారిలో, పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే ఒంటె కనిపించింది. దాని మూపురం నిండా నీళ్లేనని మా ఊళ్లో అందరూ అనేవారు.

"మామా, కాసిన్ని నీళ్లు తియ్యవా? తమ్మునికి దప్పి," అని బిందె చాచాను.

"దాంట్లో యాడుంటాయి పాపా? పోయి బాయిలో చేదుకో," అన్నాడు ఒంటెవాడు.

ఇవ్వడం ఇష్టంలేక అబద్ధమాడుతున్నాడనుకున్నాను. మనసు మారుతుందేమోనని, దాని ఒంటి కంపు పీలుస్తూ, పొద్దు వాలేదాకా ఒంటె వెంటే తిరిగాను. ఇల్లు చేరేసరికి తమ్ముడు పోయాడు. బావి ఎండిపోయిందని అమ్మతో చెప్పాను.

ఇన్నేళ్లూ ఆ ఒంటెవాణ్ణే తిట్టుకున్నాను. తప్పు ఒప్పుకుందామన్నా అమ్మ లేదు. ఆ పాఠం చదివిన మర్నాడు పొద్దున్నే ఊళ్లో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, ఆ రోజు నేను బావి దాకా వెళ్లనే లేదని చెప్పాను.