నత్తి నోటికి దేవుడిచ్చిన అధ్యక్ష కుర్చీ

ఈ సంఘ పత్రిక చదువుతున్న సహోదరులారా, అక్కచెల్లెళ్ళారా, ఈ సాక్ష్యం నోటితో చెప్పమని ఉంటే నేనింకా మొదటి మాట దగ్గరే ఉండేదాన్ని, రాయమన్నారు కాబట్టి మీరు బతికిపోయారు!

నాకు ఊహ తెలిసినప్పటినుంచీ నత్తి. మా నాన్నగారు స్టీలు ప్లాంటు ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి గోపాలపట్నంలో కాపురం పెట్టారు, నన్ను అక్కడే బళ్ళో వేశారు. హాజరు పిలిచేటప్పుడు 'ప్రెజెంట్' అనే ఆ ఒక్క మాట నా పెదవుల దగ్గర ఇరుక్కుపోయేది, టీచరుగారు నా తర్వాతి పేరుకు వెళ్ళిపోయేవారు, నేను ఎదురుగా కూర్చుని ఉండగానే నాకు ఆబ్సెంటు పడేది. తొంభైల చివర్లో మద్దిలపాలెంలో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీలో ఉద్యోగం దొరికింది, కాని బస్సులో టికెట్ అడగాలంటే ఆ 'మ' నా నోట పలకదు, అందుకని దాని తర్వాతి స్టాపు ఇసుకతోటకు టికెట్ తీసుకుని మద్దిలపాలెంలోనే దిగిపోయేదాన్ని. ఈ పిల్లకు మతి సరిగా లేదని ఆ కండక్టరు అనుకుని ఉంటాడు.

ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గాని అప్పుడు నవ్వు రాలేదు. ఫోను మోగితే చెమటలు, ఇంటికి చుట్టాలొస్తే వంటింట్లో దాక్కోవడం, ఎవరైనా జాలిపడి నా మాట వాళ్ళే పూర్తి చేస్తే లోపల ఏడుపు. "ప్రభువా, ఈ నత్తి తీసెయ్యి, లేదంటే మాట్లాడే పని నాకు పెట్టకు" అని ఏళ్ళ తరబడి మోకాళ్ళ మీద అడిగాను. ఒక్కచోట మాత్రం నాకు విడుదల ఉండేది. శుక్రవారం స్త్రీల కూటంలో అందరం ఒక్కసారే గొంతెత్తి ఎవరి ప్రార్థన వాళ్ళం చేసుకుంటాం గదా, ఆ హోరులో నా మాట అడ్డం లేని ఏరులా సాగిపోయేది, హోరు ఆగగానే మళ్ళీ నా గొంతు పట్టేసేది.

కంపెనీలో నాకు అప్పజెప్పిన పనుల్లో ఒకటి చెబుతాను. ఇంటికి డోర్ నంబరు ఉన్నట్టే, నెట్‌కు తగిలించిన ప్రతి కంప్యూటరుకూ ఒక నంబరు ఉండాలి. మన ఆసియా వైపు దేశాల్లో ఆ నంబర్లు ఎవరికి ఎన్ని ఇవ్వాలో ఏ ప్రభుత్వమూ ఒంటరిగా తేల్చదు, ఆ పని చేసుకునేవాళ్ళంతా ఒక సమాజంగా చేరి, ఈమెయిళ్ళలో వాదించుకుని, ఏడాదికోసారి కలిసి తేల్చుకుంటారు. ఆ ఈమెయిళ్ళలో నేనూ రాయడం మొదలుపెట్టాను. సహోదరులారా, వేళ్ళకు నత్తి లేదు! పెద్ద కంపెనీలు అన్నీ ఊడ్చుకుపోతే చిన్న ఊళ్ళ వాళ్ళం ఏం కావాలని గట్టిగా రాసేదాన్ని, ఎక్కడెక్కడి వాళ్ళో మెచ్చుకునేవారు, నా గొంతు మాత్రం వాళ్ళలో ఒక్కరూ వినలేదు.

అలా వినకుండానే ఒక ఏడు నన్ను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు! నేను అడగలేదు, ఆ సభకు వెళ్ళనూ లేదు, ఉదయం ఆఫీసుకొచ్చి చూస్తే అన్నీ అభినందనలే.  వద్దని జవాబు రాశాను, పంపబోతే లైను తెగింది, మళ్ళీ కలిపితే మళ్ళీ తెగింది, ఫోను తీగతో నెట్ కలిపే ఆ మోడెం కుయ్యో మొర్రో అంటూ రోజంతా నన్ను ఏడిపించింది, నా జవాబు వెళ్ళనే లేదు. పైగా వచ్చే సభ మన విశాఖలోనే, బీచ్ రోడ్డు హోటల్లో పెడతారట, తప్పించుకోవడానికి ప్రయాణం సాకు కూడా లేదు.

శుక్రవారం కూటంలో మాణిక్యమ్మ అత్తకు చెప్పుకున్నాను. ఈమె జాలారిపేటలో చేపలమ్ముకునే మనిషి, మా కూటానికి పెద్ద దిక్కు, ఎవరికి కష్టమొచ్చినా ముందు ఆమె మోకాళ్ళే నేలకు ఆనుతాయి. అంతా విని, ఆ సభకు ఎవరు రావచ్చని అడిగింది. ఎవరైనా రావచ్చు, తలుపులు అందరికీ తెరిచే ఉంటాయి, అదే వాళ్ళ నియమం అన్నాను.

"అయితే ఇంకేటే గ్రేసూ, మేవూ వత్తాం. నువ్వు కుర్సీలో కూకో, ఎనకాల మేం కూకుంటాం" అంది.

నిజంగానే వచ్చారు! తెల్లచీరలు కట్టుకుని, బైబిళ్ళు ఒళ్ళో పెట్టుకుని, మెడలో ఆ సభవాళ్ళిచ్చిన పేరు బిళ్ళలు వేసుకుని చివరి వరస నిండా కూర్చున్నారు. హాలు నిండా దేశదేశాల ఇంజనీర్లు. నేను వేదికెక్కి మైకు ముందు నిలబడి 'వెల్కమ్' అనబోయాను, మొదటి అక్షరమే పట్టేసింది. అంతా నా నోటి వైపే చూస్తున్నారు, దిగి పారిపోదామనుకున్నాను.

అప్పుడు వెనక నుంచి మాణిక్యమ్మ అత్త గొంతు లేచింది. "పెబువా, నువ్వే కూకోబెట్టేవు, నోరూ నువ్వే తెరువు తండ్రీ, ఈ పిల్లని సిగ్గుపడనీకు." అంతే, కూటంలో లాగే అందరూ అందుకున్నారు, చివరి వరసంతా ఒకటే హోరు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ సమాజంలో ఓట్లు లెక్కపెట్టరు, సమ్మతించేవాళ్ళు నోరు మూసుకుని 'మ్మ్' అని గొంతులోనే ధ్వని చేస్తారు, అది ఎంత నిండుగా ఉందో విని అధ్యక్షులు నిర్ణయం చెప్పాలి. నవ్వకండి, వాళ్ళ ఆచారం అది. వెనక హోరు విన్న పెద్దమనుషులు, కొత్త అధ్యక్షురాలికి సమ్మతి తెలుపుతున్నారు కాబోలనుకుని వాళ్ళూ 'మ్మ్' అని అందుకున్నారు! జపాను ఆయన, నేపాలు ఆయన, టై కట్టుకున్న సింగపూరు ఆయన, హాలంతా ఒక్క గొంతై మోగిపోయింది. ఆ హోరులో నా నాలుక కట్లు విప్పుకుంది. స్వాగతం చెప్పాను, కార్యక్రమం చదివాను, మొదటి వక్తను పిలిచాను, ఒక్క అక్షరం తడబడలేదు. దేవునికే మహిమ!

కాని ప్రభువు పని అక్కడితో అయిపోలేదు. మధ్యాహ్నం ఒక ప్రతిపాదన వచ్చింది, నంబర్లు ఇస్తే పెద్ద మొత్తంలోనే ఇవ్వాలి, చిన్నవాళ్ళు పెద్ద కంపెనీల దగ్గర అడిగి తీసుకోవాలి అని. నేను ఏళ్ళ తరబడి ఎదిరించిన మాట అది, అయితే అధ్యక్షులు తమ అభిప్రాయం చెప్పకూడదు. సమ్మతి అడిగితే హాలు నిండుగా మోగింది. అభ్యంతరాలున్నాయా అని అడిగితే ఎవరూ లేవలేదు. ఇక ఆమోదమని ప్రకటించాలి. ఈసారి వెనక హోరు లేదు, 'కన్సెన్సస్', అదే అందరికీ సమ్మతం అనే మాట, నా గొంతులో అడ్డం పడింది. క... క... అంటూ నిలబడ్డాను. ఎవరూ నా మాట పూర్తి చెయ్యలేదు.

ఆ ఆగిన కాసేపట్లో పక్క వరసలోంచి ఒకాయన మెల్లగా లేచి మైకు దగ్గరికి వచ్చాడు. చిన్న ద్వీపం నుంచి వచ్చిన మనిషి, మొహమాటస్తుడు. మీరు చెప్పే ఆ పెద్ద మొత్తానికి సరిపడా కంప్యూటర్లు మా ద్వీపమంతా వెతికినా లేవండీ, మేమేం చెయ్యాలి, అన్నాడు.  ఆ మాట విన్నాక ఇంకో ముగ్గురు నలుగురు లేచారు, ప్రతిపాదన వెనక్కి వెళ్ళింది, మరుసటి ఏడు చిన్నవాళ్ళకూ నేరుగా నంబర్లు ఇచ్చేలా తిరిగి రాసుకొచ్చారు.

టీ దగ్గర ఆ ద్వీపం ఆయన నా చేయి పట్టుకుని, మీరు ఇంకొంచెం త్వరగా పలికి ఉంటే నేను లేచేవాణ్ణి కాదు, అన్నాడు. చూశారా సహోదరులారా! ఏ సంకెళ్ళు తెంచమని తండ్రిని బతిమాలుకున్నానో, వాటితోనే ఆయన ఒక మనిషికి నోరు తెరిచాడు. ఆ హోటలు వరండాలో సముద్రం వైపు తిరిగి చంటిపిల్లలా ఏడ్చాను, అది సంతోషమే.

తర్వాత కొన్నేళ్ళు ఆ కుర్చీలోనే ఉంచారు, వద్దన్నా వదల్లేదు. నా నత్తి పోయిందా అని అడుగుతారు. పోలేదు. భయం పోయింది. ఇప్పుడు బస్సెక్కి మద్దిలపాలెం అని ఎంతసేపు పట్టినా పూర్తిగా అడుగుతాను, కండక్టరు ఆగుతాడు, వెనకవాళ్ళూ ఆగుతారు, ఎవరి కొంపా మునగలేదు. నన్ను సిగ్గుపడనివ్వని నా తండ్రికి వందనాలు, చివరి వరస నింపిన నా అక్కలకు వందనాలు.

ఇది చదివేవారిలో నోరు తెరవడానికి భయపడి మూల కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, శుక్రవారం మా కూటానికి రండి. ఆయన్ని నమ్మి ఒక్క అక్షరం మొదలుపెట్టండి. మీ మాట పూర్తయ్యేదాకా మేము కూర్చునే ఉంటాం.