ఆ రేసులో నా ల్యాప్‌టాప్ వేడెక్కలేదు

దెయ్యాలూ మహిమలూ అంటే నాకు నవ్వొచ్చేది. ఇంజినీరింగ్ చదివినదాన్ని, ఏదైనా కొలిచి చూస్తే గానీ నమ్మను. ఇదీ కొలిచి చూసిందే. అదే నా బాధ.

రెండు వేల ఆరు ప్రాంతంలో గుత్తిలో మా ఇంటి దగ్గరి ఇంటర్నెట్ సెంటర్లో వేసవి సెలవులకు కారు రేసు గేమ్ పోటీ పెట్టేవారు. ఎవరి కంప్యూటర్ వాళ్లే తెచ్చుకోవాలి. ఒక వేసవి ఫైనల్లో నా పాత ల్యాప్‌టాప్ వేడికి తట్టుకోలేక, గెలుపు ముంగిట ఆరిపోయింది. "ఇంటికి పోయి అంట్లు తోముకో అక్కా" అన్నాడు నాతో పోటీపడిన సురేంద్ర. గదంతా నవ్వింది.

ఆ తర్వాత ఏడాదంతా ఆ ల్యాప్‌టాప్ ప్రాసెసర్ మీదే పడ్డాను. ప్రాసెసర్‌కు అందే వోల్టేజీని ఒక చిన్న సాఫ్ట్‌వేర్‌తో కొద్దికొద్దిగా తగ్గించుకోవచ్చు. వేగం తగ్గదు, వేడి తగ్గుతుంది. మరీ తగ్గిస్తే తెర బిగుసుకుపోతుంది. నాది ఒక వోల్టు దాకా ఓర్చుకునేది. అంతకంటే ఏమాత్రం దించినా బిగుసుకుపోయేది.

మరుసటి వేసవి మళ్లీ ఫైనల్. మళ్లీ సురేంద్రే. రేకుల గది, ఫ్యాను గాలి సెగలా కొడుతోంది. ఒక వోల్టు పెట్టి, పక్కన కూర్చున్న మా చిన్నాన్న కూతురు రమణకు చూపించి మొదలుపెట్టాను.

రేసు సగంలో వేళ్లకు చల్లగా తగిలింది. కీబోర్డు! ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాను చప్పుడు ఎప్పుడు ఆగిందో తెలీదు. ఇక ఆరిపోతుందనుకున్నాను. ఆరలేదు. బొమ్మ అంతకుముందెన్నడూ లేనంత సాఫీగా కదిలింది. చివరి మలుపులో లోపలి వైపు నుంచి సురేంద్ర కారును దాటేశాను.

గది దద్దరిల్లింది. రమణ నన్ను పట్టుకుని గెంతింది. సురేంద్ర లేచొచ్చి, "ఏం చేసినావక్కా దీనికి?" అంటూ కీబోర్డు మీద చెయ్యి పెట్టి, చటుక్కున తీసేశాడు. "ఈడ చూడండప్పా, మంచుగడ్డ మాదిరి ఉండాది!"

సాఫ్ట్‌వేర్ తెరిచాను. సున్నా పాయింట్ ఏడు.

"ఒకటి కదా పెట్టినావు? నేను చూస్తి కదక్కా" అంది రమణ.

నేను మార్చలేదు. ఆటలో నాకు చెయ్యి ఖాళీ లేదు. రేసు ముగిసేదాకా ఇంకెవరూ దాన్ని ముట్టలేదు.

ఇంటికొచ్చి అదే అంకె పెట్టాను. వెంటనే బిగుసుకుపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు పెట్టినా అంతే. తెలిసిన హార్డ్‌వేర్ ఇంజినీర్లు, సాఫ్ట్‌వేర్ తప్పు అంకె చూపించి ఉంటుందన్నారు. మరి ఆ చల్లదనం?

బజార్లో ఎదురుపడితే సురేంద్ర ఇప్పటికీ అడుగుతాడు: "ఏమక్కా, అదేందో తెలిసిందా?"

"తెలీలేదప్పా" అంటాను. "నిన్ను దాటింది మాత్రం నేనే."