అమావాస్య దాటాక వచ్చిన కుర్చీ

అత్త బాత్రూములో జారి పడిందన్న కబురు నాకు మొదట చెప్పింది కుప్పంలో ఆమె పక్కింట్లో ఉండే దర్జీ ఆమె. "తుంటి ఎముక ఇరిగినట్టుండాది, బిన్నా రా తల్లీ, ఆలస్యం సేయొద్దు" అని ఫోనులో ఏడ్చింది. నేను వెళ్లేలోపు అత్తను ఆసుపత్రిలో చేర్పించి పక్కన కూర్చున్నదీ ఆమే. ఆ చేతులకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. పిల్లలు లేరు. తల్లి లేని నన్ను పెంచింది ఆమే. బడి గడప తొక్కని నాకు వంటింటి బండ మీద సుద్దముక్కతో అక్షరాలు దిద్దించింది కూడా ఆమే. ఆపరేషను అయ్యాక మదనపల్లెకు, మా ఇంటికి తీసుకొచ్చాం. గొంతుక్కూర్చోకూడదు, మళ్లీ పడకూడదు అని డాక్టరు మరీమరీ చెప్పాడు.

మా ఇంట్లో ఉన్నది నేలమట్టం దొడ్డి. మందుల షాపు నుంచి మధ్యలో రంధ్రమున్న ఇనుప గొట్టాల కుర్చీ తెచ్చాం. కానీ మా బాత్రూము బండలు తూము వైపుకు వాలుగా ఉంటాయి. కుర్చీ ఊగేది. కూర్చున్నంతసేపూ అత్త నా కొంగు పట్టుకుని వణికేది. చివరికి తిండి తగ్గించేసింది.

"తింటే పోవాల కదమ్మే. తినకుంటే ఆ ఊగులాట ఉండదు" అంది ఒకరోజు, కంచం పక్కకు నెట్టి.

పుంగనూరులో పాత సామాన్ల కొట్టులో ఒక చేతుల కుర్చీ దొరికింది. ఎవరిదో పాత మిద్దె పడగొడితే వచ్చిందట. టేకుది. కూర్చునేచోట పేము అల్లిక చిరిగి వేలాడుతోంది గానీ కాళ్లు గుంజల్లా ఉన్నాయి. ఆ వీధి చివర వడ్రంగి దాన్ని తట్టి చూశాడు.

"బంగారం మాదిరి ఉండాది చెక్క. ఏం సేయాల దీన్ని?"

సిగ్గుపడుతూనే చెప్పాను.

"దానికి సిగ్గెందుకమ్మా? మాయమ్మకు ఇట్టాంటిది సేసిచ్చే తెలివి అప్పుడు నాకు లేకపాయె" అన్నాడు.

బాత్రూములో కుర్చీ కాళ్ల మధ్య దూరమంత పలక పరిచి, దాని మీద నీళ్ల గిన్నె పెట్టి, నీళ్లు గిన్నె అంచుకు సమంగా నిలిచేదాకా పలకను తూము వైపు ఎత్తి, ఆ సందును పుల్లతో కొలిచి తెమ్మన్నాడు. తెచ్చాను. ఆ పుల్లను బట్టి తూము వైపు కాళ్లు పొడవుగా ఉంచి, మిగతా రెండూ కోశాడు. చిరిగిన పేము తీసేసి, గుండ్రంగా రంధ్రం కోసిన చెక్క బిగించాడు. నూనె తాపాడు. కాళ్ల కింద రబ్బరు తొడిగాడు.

సోమవారం సాయంత్రం ఫోను చేశాడు. "అయిపోయిందమ్మా, రేపు తీసకపోండి."

క్యాలెండరు చూశాను. మంగళవారం, పైగా అమావాస్య. బుధవారం పాడ్యమి. గురువారం విదియ, మంచిది. గురువారం వస్తామన్నాను.

మంచం మీద నుంచి అత్త విని నవ్వింది. "దొడ్డికి పోయే కుర్చీకి ముహూర్తమా? అయ్యోరిని గూడా పిలిపిస్తావా ఏమ్మే?"

"ఇంట్లోకి కొత్త వస్తువు వస్తాండాది కదత్తా."

"కొత్తదేంది? నాకంటే పాతది అది. మా కుప్పం పక్క అరవోళ్లకు అమాస శానా మంచి దినం. వాళ్లను సల్లగా సూసే దేవుడు మనల్ని సూడడా?"

"మనకు ఆనవాయితీ లేదత్తా. రెండు దినాలే కదా."

"సరేలే. అంతదాకా బిగబట్టుకుంటా."

మంగళవారం పొద్దున గడప కడిగి పసుపు రాస్తున్నాను. లోపలి నుంచి అత్త పిలిచింది. "వస్తాండా అత్తా" అన్నాను. సగం గడప మిగిలి ఉంది. అది పూర్తి చేసి లేచాను. అప్పటికే గోడ పట్టుకుని తనంతట తాను బాత్రూములోకి వెళ్లిపోయింది. ఇనుప కుర్చీ ఒక మూల పడి ఉంది, అత్త బండల మీద ఉంది. "నేనే తొందరపడితి, నిన్ను నువ్వు తిట్టుకోవద్దు" అంది.

తుంటి మళ్లీ విరిగింది. ఈసారి ఆపరేషనును ఆమె ఒళ్లు తట్టుకోలేదన్నారు డాక్టర్లు. మంచం మీదే ఉంచి చూసుకోమన్నారు.

గురువారం కుర్చీ వచ్చింది. మా ఇంటాయన దాన్ని బాత్రూములో పెట్టి ఊపి చూశాడు. నేను కూర్చుని చూశాను. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. లేచి అత్త మంచం దగ్గరికి వచ్చాను.

"ఎట్లుండాది?" అని అడిగింది అత్త.

"ఊగలేదత్తా."

"మంచిది. నా తర్వాత ఎవరికన్నా ఇయ్యి."

మూడు వారాలకు అత్త పోయింది. ఆ కుర్చీ ఒక్కసారి కూడా ఎక్కలేదు.

కాలు విరిగిన మనిషి ఉన్న ఒక ఇంటికి కుర్చీ ఇస్తామని వెళ్లాను. "పోయినామె కోసం సేయించింది మాకొద్దమ్మా, ఏమనుకోవద్దు" అన్నారు. ఏమనుకుంటాను? వాళ్ల చోట నేనున్నా అదే అనేదాన్ని.

దర్జీ ఆమెకు, వడ్రంగి అన్నకు మేలు జరగాలని రోజూ మొక్కుకుంటాను. నాకోసం ఏం అడగాలో తెలియడం లేదు. దేవుణ్ణి తప్పు పట్టలేను. అమావాస్య దాటేదాకా ఆగమని ఆయన నాతో చెప్పలేదు. ఇప్పుడు క్యాలెండరు చూసి ఏ పనీ మొదలుపెట్టలేను, చూడకుండానూ పెట్టలేను.

చదివినవాళ్లను ఒక్కటే వేడుకుంటున్నాను. దీపం పెట్టుకునే వేళ మా అత్తను తలచుకోండి. నేను తలచుకుంటే నా తప్పే ముందుకొచ్చి నిలబడుతోంది, దాని వెనక ఆమె కనబడటం లేదు. మీ తలపులోనైనా ఆమె ఆమెగా ఉండనీయండి.