నీకేం పని వస్తాది?

జమ్మలమడుగులో టీచరుగా చేసే మా మేనత్త, కూతురి పెళ్లిపత్రిక చేతికిచ్చి "తప్పకుండా రావాల" అనలేదు. "నీకేం పని వస్తాది?" అని అడిగింది. ఇంటింటా అదే ప్రశ్న.

అప్పు చేసి పెళ్లి చేయనని ఆమె పట్టు. ప్రొద్దుటూరులో మండపం తీసుకోకుంటే పరువేం కావాలని మా నాన్న గొణిగితే, "పెండ్లికి మనుషులుండాలప్పా, మండపమేం చేస్తాది?" అని చర్చి ఆవరణలోనే షామియానా వేయించింది. పూలు కట్టడం వచ్చినవాళ్లు దండలు కట్టారు. గొర్రెలు పెంచే పక్కింటాయన కానుకగా పొట్టేలును తెచ్చి, కూర కూడా తానే వండాడు.

నాకేమీ రాదన్నాను. అత్త నన్ను ఎగాదిగా చూసింది. "మాట్లాడేది వస్తాది కదా. జేజి పక్కన కూచో."

జేజి మా నాయనమ్మ. చూపు పోయి చాన్నాళ్లయింది. పెళ్లి జరిగిన పూటంతా ఆమె అడుగుతూనే ఉంది, నేను చెప్తూనే ఉన్నాను. పెళ్లికూతురి చీర రంగు, ఉంగరం వేలికి దూరక పెళ్లికొడుకు పడిన తంటా, అన్నీ.

"మీ అత్త ఏం చేస్తాంది నాయనా?"

"వెనక నిలబడి ఏడుస్తాంది జేజీ."

"ఏడ్వనీ. పనులన్నీ మందికి పంచేసింది కదా, దానికి అదొకటే మిగిలింది."