పిన్ని వీణకు మేళం

మొన్న కొవ్వూరు నుంచి పిన్ని ఫోన్ చేసి, "నా వీణ ఒకసారి తీసుకురారా. మీ బాబాయి కట్టిన మేళం వినాలనుంది" అంది. మేళం అంటే పెళ్ళి బాజా కాదు. వీణ మీద ఇత్తడి మెట్లను నల్లమైనంలో ఒక్కొక్కటే చెవితో సరిచూసుకుంటూ కుదర్చడాన్ని మేళం కట్టడం అంటారు. పనివాడు వచ్చేదాకా ఆగే ఓపిక లేక బాబాయి ఆ పని తనే చేసేశాడు. ఆయన పోయాక ఆ వీణ వైపు చూడలేనని పిన్ని అంటే, ఆరేళ్ళ కిందట నేనే రాజమండ్రి తెచ్చి పెట్టుకున్నాను.

తెచ్చి పెట్టుకోవడం తప్ప నాకు ఏదీ వాయించడం రాదు. ఒక హార్మోనియం, రెండు సన్నాయిలు, ద్రాక్షారామంలో ఒకాయన అటక మీంచి దించి ఇచ్చిన మృదంగం, యానాంలో కొన్న ఫిడేలు. "యానాం నుంచి అందరూ మందు సీసాలు తెచ్చుకుంటే ఈయన ఫిడేలు తెచ్చారండి" అని మా ఆవిడ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. మొదట్లో నవ్వేవాణ్ణి. ఇప్పుడు వాటి దుమ్ము దులిపేసరికే నడుం పడిపోతోంది. అయినా ఎక్కడో పాత తంబురా ఉందంటే బస్సెక్కేస్తాను. చోటు చాలక వేసవికి ముందు కొన్నింటిని మేడ మీద రేకుల గదిలోకి చేర్చాను. వాటిలో పిన్ని వీణ ఒకటి.

పిన్ని ఫోన్ పెట్టేయగానే మేడెక్కి గుడ్డ తీశాను. రోహిణి ఎండకు మైనం కరిగి, మెట్లన్నీ ఒక పక్కకు ఒరిగిపోయాయి. వీణలు బాగుచేసే ఆయన దగ్గరికి పట్టుకెళితే, ఆయన మైనాన్ని గోటితో గీకి, "మళ్ళీ కొత్తగా కట్టాలండి. పాతది ఎలా పలికేదో మీకు తెలుసాండి?" అన్నాడు. ఆరేళ్ళు ఇంట్లో ఉంచుకుని ఒక్కసారైనా ఎవరిచేతా వాయించి వినలేదని చెప్పడానికి సిగ్గేసింది. "శ్రుతికి సరిగ్గా కట్టెయ్యండి" అన్నాను.

కొవ్వూరు వెళ్ళి, పిన్నికి ఏమీ చెప్పకుండా వీణ ఆవిడ ముందు పెట్టాను. మెల్లగా మీటుతూ వెళ్ళి ఒక మెట్టు దగ్గర ఆగింది. మళ్ళీ మీటింది. "గాంధారం సరిగ్గా పలుకుతోందేంటిరా?" అంది. బాబాయి కట్టిన మేళంలో ఆ స్వరం కాస్త తగ్గి పలికేదట. "నలభై ఏళ్ళు ఆయన్ని సాధించాను. ఒక్కనాడూ మార్చలేదు" అంటూ వీణను నా వైపు జరిపేసింది.

ఇక దాచలేక ఎండ సంగతి చెప్పేశాను. "పోనీలేరా, ఈ ఏడు ఎండలు అలా ఉన్నాయి" అంది. తిట్టి ఉంటే బాగుండును. తిరిగొస్తూ ఆటోలో వీణను అడ్డంగా పెట్టుకుని వంతెన దాటుతుంటే, ఇన్నాళ్ళ నా సరదా మీద నాకే విసుగొచ్చింది. బాబాయిని తీసుకుపోయింది కాలమే. ఆయన వదిలివెళ్ళిన ఆ చిన్న అపస్వరాన్ని మాత్రం కాలం ఇన్నేళ్ళూ భద్రంగానే ఉంచింది, పోగొట్టింది నేను.